కంచె చేను మేసినవేళ – ఎడ్మండు బర్కు జీవితము

దొంగను పట్టుకొని దండించుట రాజధర్మములలో మొదటిది. కాని ఆ దొంగ రాజుగారి కొలువులోనివాడే అయినప్పుడు, ఎన్నికలలో మంత్రిగారికి అండగా నిలిచినవాడైనప్పుడు, పట్టుకొనవలసిన చేయి మధ్యలోనే ఆగిపోతుంది. విచారణ అక్కరలేదని పైనుండి మాట వస్తుంది. కాగితములు కనబడకుండ పోతవి. సాక్షులు మౌనము వహిస్తారు. చివరకు నేరము చేసినవాడు కాక, నేరమును వేలెత్తి చూపినవాడే సభలో దోషివలె నిలువవలసి వస్తుంది. కంచె చేను మేయుట అని మన పెద్దలు అన్నది ఈ స్థితినే.

ఇది ఏ ఒక్క దేశమునకో, ఏ ఒక్క కాలమునకో పరిమితమైన వ్యాధి కాదు. ఐతే ఈ వ్యాధితో ముఖాముఖి పోరాడి, తన జీవితములో సుమారు పదునాలుగు సంవత్సరములు దానికి ధారపోసి, చివరకు తీర్పులో ఓడిపోయిన ఒక మహావక్త కథ మన తెలుగునాటి చరిత్రతో కూడ ముడివడి ఉన్నది. ఆయనే ఎడ్మండు బర్కు. అమెరికా వలసల పక్షమున వాదించినవానిగా, ఫ్రెంచి విప్లవమును ఖండించినవానిగా మన విద్యార్థులు ఆయన పేరు వినియే ఉంటారు. తాను ఎన్నడును కంటితో చూడని మన దేశపు ప్రజల కోసము ఆయన చేసిన పోరాటము మాత్రము పాఠ్యపుస్తకములలో రెండు మూడు వాక్యములతో ముగిసిపోతున్నది.

బర్కు 1730 ప్రాంతమున ఐర్లండు రాజధాని డబ్లినులో జన్మించినాడు. తండ్రి న్యాయవాది, ప్రొటెస్టెంటు మతస్థుడు. తల్లి కాథలిక్కు. ఆనాటి ఐర్లండులో కాథలిక్కులకు ఓటు లేదు, ఉద్యోగము లేదు, చట్టసభలో స్థానము లేదు. తల్లివైపు బంధువులు తమ సొంత గడ్డమీదనే పరాయివారివలె బ్రతుకుట ఆయన చిన్ననాటినుండి చూచినాడు. చదువు చెప్పిన తొలి గురువు క్వేకరు శాఖకు చెందిన ఒక సాధువర్తనుడు. ఇట్లు మూడు మతముల నీడలో పెరిగిన బాలునికి, బలవంతుడు చేసిన చట్టమెల్ల ధర్మము కాదని వేరుగా ఎవ్వరును బోధింపవలసిన పని లేకపోయినది.

డబ్లినులోని ట్రినిటీ కళాశాలలో పట్టము పొంది, 1750లో న్యాయశాస్త్రము చదువుటకు లండను చేరినాడు. కాని ఆ చదువు పూర్తి చేయలేదు. సాహిత్యమువైపు మనసు మళ్ళినది. 1757లో సౌందర్యమును, ఉదాత్తతను గూర్చి ఆయన ప్రకటించిన గ్రంథము యూరపు అలంకారికుల దృష్టిని ఆకర్షించినది. ఆ సంవత్సరమే వివాహము జరిగినది. తండ్రి ఆశించిన న్యాయవాది కాలేదు కాని, విధి ఆయనచేత లోకమెరిగిన ఒక మహాభియోగమును నడిపించినది.

1765లో రాకింగ్‌హాము ప్రభువు ప్రధానమంత్రి అయినప్పుడు బర్కు ఆయనకు ఆంతరంగిక కార్యదర్శిగా కుదిరి, ఆ ఏడాది చివర పార్లమెంటు సభ్యుడైనాడు. అప్పటినుండి ఇరువదియెనిమిది సంవత్సరములకు పైగా కామన్సు సభయే ఆయనకు కార్యరంగము. అమెరికా వలసలపై పన్నులు మోపరాదని 1774లోను, వారితో సంధి చేసికొనవలెనని 1775లోను చేసిన ఉపన్యాసములు నేటికిని వక్తృత్వమునకు మేలుబంతులు. బ్రిస్టలు నగర ప్రతినిధిగా ఉన్నప్పుడు, ప్రతినిధి తన ఓటర్లకు సేవ చేయవలెను గాని తన వివేకమును వారికి అమ్ముకొనరాదని వారి ముఖముననే చెప్పినాడు. ఐర్లండు వర్తకులకు, కాథలిక్కులకు మేలుచేసే చట్టములను బలపరచుటచేత 1780లో ఆ నగరము ఆయనను తిరస్కరించినది.

ఇతరులను వేలెత్తి చూపుటకు ముందు తన ఇల్లు చక్కబరచుకొనవలెనన్న నీతిని ఆయన పాటించినాడు. ఆ కాలమున సైన్యమునకు జీతములు పంచే ఉద్యోగి, ప్రభుత్వపు ధనమును తనవద్దనే నిలువయుంచుకొని దానిపై వచ్చే వడ్డీని తాననుభవించుట ఆచారము. ఆ పదవిలో కోటికి పడగలెత్తినవారు ఉన్నారు. 1782లో ఆ పదవి బర్కుకు దక్కినది. ఆయన చేసిన మొదటి పని, ఆ నిలువను ఇంగ్లండు బ్యాంకులో ఉంచునట్లు చట్టము చేయించి, తన ఆదాయమునే తాను కోసికొనుట.

ఇక భారతదేశపు సంగతి. ప్లాసీ యుద్ధము జరిగినది 1757లో. బెంగాలు దివానీ, మన ఉత్తర సర్కారులు కంపెనీ పరమైనది 1765, 66 సంవత్సరములలో. కంపెనీ ఉద్యోగులకు జీతములు స్వల్పము. కాని సొంత వర్తకము, నజరానాలు, కంట్రాక్టులు, వడ్డీ వ్యాపారము వారికి అపారమైన ధనమును సమకూర్చినవి. ఆ ధనముతో వారు స్వదేశమునకు మరలి భూములు కొన్నారు. అంతటితో ఆగక పార్లమెంటు స్థానములను కొన్నారు. ఆనాటి ఇంగ్లండులో పది ఇరువదిమంది ఓటర్లు మాత్రమే గల నియోజకవర్గములు ఎన్నో ఉండేవి. వాటిని సంతలో పశువులవలె బేరము చేయుట సాధ్యమయ్యేది. ఈ విధముగా తూర్పున దోచిన ధనము పడమట శాసనకర్తలను తయారుచేసినది. తప్పుచేసినవాడే తప్పును విచారింపవలసిన సభలో కూర్చున్నాడు. బర్కు గుర్తించిన అసలు రోగము ఇదే.

ఇందుకు మద్రాసు చక్కని ఉదాహరణము. నెల్లూరు మొదలు తిరునల్వేలి వరకు వ్యాపించిన కర్ణాటక రాజ్యమునకు ఆర్కాటు నవాబు మహమ్మదాలీ అధిపతి. ఆయన మద్రాసులో నివసిస్తూ కంపెనీ ఉద్యోగులవద్ద అధిక వడ్డీకి అప్పులు చేసేవాడు. అప్పుకు హామీగా ఫలానా సీమ శిస్తును ఫలానా దొరకు వ్రాసి ఇచ్చేవాడు. ఆ కాగితము చేతబట్టుకొని దొరగారి మనుష్యులు గ్రామములమీద పడేవారు. నవాబు పుచ్చుకొన్న సొమ్మెంత, కాగితముమీద వ్రాసిన సొమ్మెంత అనునది ఋణదాతకే ఎరుక. వడ్డీ అసలై, ఆ అసలు మరల వడ్డీని కన్నది. 1777 నాటి అప్పులే 24 లక్షల పౌనులకు చేరినవి. ఆ భారమును చివరకు మోసినవాడు నవాబు కాదు. ఏడాది పొడుగునా చెమటోడ్చి పండించిన రైతు.

ఈ ఋణదాతలలో అగ్రగణ్యుడు పాల్ బెన్‌ఫీల్డు. సాలునకు కొన్ని వందల పౌనుల జీతగాడైన ఆ ఉద్యోగి, తంజావూరు పంటలమీద తనకు రెండు లక్షల పౌనులకు పైగా రావలెనని 1776లో దావా తెచ్చినాడు. గవర్నరు పిగట్ ప్రభువు ఆ దావాను అంగీకరింపలేదు. అంతట కౌన్సిలులోని అధికసంఖ్యాకులు ఏకమై ఆ సంవత్సరము ఆగస్టులో గవర్నరునే నిర్బంధించినారు. మరుసటి ఏడు మే నెలలో ఆయన ఆ నిర్బంధములోనే మరణించినాడు. లెక్కలు అడిగిన అధికారికి పట్టిన గతి అది. బెన్‌ఫీల్డు మాత్రము ఇంగ్లండు వెళ్ళి 1780లో పార్లమెంటు సభ్యుడైనాడు.

మన సర్కారు జిల్లాల కథయును ఇట్టిదే. జమీందారుల స్థితిగతులు, రైతుల సాధకబాధకములు స్వయముగా చూచి నివేదించుటకు ఒక సంచారసంఘము ఏర్పడియుండగా, 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ తామసు రంబోల్డు దానిని రద్దుచేసి, జమీందారులనే మద్రాసుకు రమ్మని ఆజ్ఞాపించినాడు. గంజాము, విశాఖ సీమలనుండి వందల మైళ్ళు పరివారముతో ప్రయాణము చేసి, దొరల వాకిళ్ళలో దుబాసీల దయకోసము పడిగాపులు పడుట ఎంత వ్యయమో, ఎంత అవమానమో ఊహించుకొనవచ్చును. గ్రామములలో నలుగురి ఎదుట జరుగవలసిన విచారణ నగరములో మూసిన తలుపుల వెనుకకు చేరినది. రంబోల్డును కంపెనీ డైరెక్టరులు 1781లో తొలగించినారు. 1782లో ఆయనను దండించుటకు పార్లమెంటులో ఒక బిల్లు ప్రవేశపెట్టబడినది. దానిని నడిపినవాడు హెన్రీ డండాసు. ఆ బిల్లు సాగి సాగి, సభ్యుల ఉత్సాహము చల్లారి, 1783లో తుది తీర్పు లేకయే అంతరించినది. డండాసు పేరును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

బర్కు 1781లో ఏర్పడిన పార్లమెంటు ఉపసంఘములో చేరి, భారతదేశ వ్యవహారముల కాగితములను రాత్రింబవళ్ళు చదివినాడు. జిల్లాల పేర్లు, శిస్తు లెక్కలు, సంస్థానముల వంశవృక్షములు ఆయనకు కంఠస్థములైనవి. 1783లో ఆ సంఘము వెలువరించిన నివేదికలలో ముఖ్యమైనవి ఆయన వ్రాసినవే. ఆ సంవత్సరాంతమున, కంపెనీ పాలనను పార్లమెంటుకు బాధ్యతగల సంఘమునకు అప్పగించుటకై మంత్రి ఫాక్సు తెచ్చిన బిల్లు వెనుక ఉన్న బుద్ధి కూడ ఆయనదే. కామన్సు సభ దానిని ఆమోదించినది. కాని దానికి ఓటువేసినవానిని తన శత్రువుగా ఎంచెదనని రాజు మూడవ జార్జి ప్రభువుల సభ సభ్యులకు కబురుచేసినాడు. బిల్లు ఓడినది. మంత్రివర్గము పడిపోయినది. ఇరువదినాలుగేండ్ల విలియం పిట్టు ప్రధాని అయినాడు. 1784 ఎన్నికలలో కంపెనీ ధనవంతులు పిట్టు పక్షమున నిలిచినారు; బర్కు పక్షము చితికిపోయినది.

ఎన్నికల ఋణము తీర్చుకొనుటకు ఎంతోకాలము పట్టలేదు. 1784లో పిట్టు చేసిన చట్టము ప్రకారమే ఆర్కాటు నవాబు అప్పులలో ఏది నిజము, ఏది కల్ల అన్నది కంపెనీ డైరెక్టరులు విచారింపవలెను. వారు ఆ విచారణకు ఉత్తరువు సిద్ధముచేసినారు కూడ. కాని వారిపై కొత్తగా ఏర్పడిన నియంత్రణ మండలి ఆ ఉత్తరువును కొట్టివేసి, విచారణ ఏమియు లేకయే అప్పులన్నియు చెల్లింపవలసినదని, అందుకు కర్ణాటకపు రాబడినుండి ఏటేట 12 లక్షల వరహాలు తీసిపెట్టవలసినదని ఆదేశించినది. ఆ మండలిలో సర్వము తానైనవాడు హెన్రీ డండాసు. మూడేండ్లనాడు రంబోల్డుపై అభియోగము నడిపిన ఆ చేయియే ఇప్పుడు ఋణదాతలకు అడ్డుగా నిలిచినది.

1785 ఫిబ్రవరి 28వ తేదీన ఆ కాగితములను సభ ముందుంచవలెనని ఫాక్సు కోరినాడు. డండాసు వలదన్నాడు. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట, సభ్యులు విసిగి ఇండ్లకు పోవలెనని అల్లరి చేస్తున్నవేళ బర్కు లేచినాడు. గంటల తరబడి మాటలాడినాడు. ఒక్కొక్క అప్పు పుట్టుక, పెరుగుదల, దాని వెనుకనున్న మనుష్యులు, వారికి ఎన్నికలతో గల సంబంధము విప్పి చూపినాడు. నీటిమీద ఆధారపడిన ఆ సీమలో చెరువులు తెగిపోయియుండగా, హైదరాలీ దండయాత్రతో 1780 మొదలు ఊళ్ళకు ఊళ్ళు పాడుపడియుండగా, చెరువులు బాగుచేయుటకు అక్కరకు రావలసిన ధనము వడ్డీ వ్యాపారుల సంచులలోనికి పోతున్నదని వివరించినాడు. దక్షిణాది చెరువుల మహిమను, వాటిని త్రవ్వించిన పూర్వపు రాజుల ధర్మబుద్ధిని బ్రిటిషు పార్లమెంటులో అంత భక్తితో కీర్తించినవాడు మరియొకడు లేడు.

పిట్టుగాని డండాసుగాని ఆయనకు సమాధానము చెప్పుటకు లేవలేదు. సమాధానము చెప్పవలసిన అవసరము వారికి లేదు. ఓట్లు వారి చేతిలో ఉన్నవి. ప్రతిపాదనకు అనుకూలముగా 69, ప్రతికూలముగా 164. అప్పులు చెల్లింపబడినవి. ఒకసారి విచారణ లేక సొమ్ము ముట్టినదని తెలిసిన పిమ్మట కొత్త కాగితములు పుట్టుకొని వచ్చినవి. 1801లో కర్ణాటకమును కంపెనీ తన రాజ్యములో కలుపుకొనిన తరువాత, 1805లో ఏర్పడిన విచారణ సంఘము ముందుకు మూడుకోట్ల పౌనులకు పైబడిన దావాలు వచ్చినవి. ఏండ్ల తరబడి పరిశీలింపగా వాటిలో న్యాయమైనవిగా తేలినవి పదవవంతుకు కూడ తక్కువ. 1785లో విచారణ జరిగియుండిన ఏమి తేలియుండేదో దీనినిబట్టి ఊహింపవచ్చును. కాని అప్పటికి బర్కు జీవించిలేడు.

ఆ ఓటమితో ఆయన ఆగలేదు. చిన్నవారిని పట్టుకొన్న ప్రయోజనము లేదనియు, ఆ పద్ధతికెల్ల శిఖరమువంటివానినే ధర్మాసనము ముందు నిలువబెట్టవలెననియు నిశ్చయించినాడు. అతడు వారన్ హేస్టింగ్సు. 1772 మొదలు 1785 వరకు బెంగాలు పాలకుడు, మొదటి గవర్నరు జనరలు. కాశీరాజు చేత్‌సింగుపై ఏబది లక్షల రూపాయల జరిమానా విధింపబూని అతనిని రాజ్యభ్రష్టుని చేయుట, అయోధ్య నవాబు తల్లిని, పితామహిని వారి పరిజనులను చెరబెట్టి ధనము రాబట్టుట, రోహిలాలపై దండయాత్రకు సైన్యమును అద్దెకిచ్చుట, లంచములు, అక్రమపు కంట్రాక్టులు ఆయనపై వచ్చిన నేరములలో ముఖ్యములు.

వీటికి వెనుక మరియొక నీడ ఉన్నది. 1775లో మహారాజ నందకుమారుడు హేస్టింగ్సు లంచము పుచ్చుకొన్నాడని కౌన్సిలు ముందు ఫిర్యాదు చేసినాడు. కొలది వారములలోనే ఒక పాత ఫోర్జరీ కేసులో నందకుమారుడే నిర్బంధింపబడి, ఆగస్టు 5వ తేదీన ఉరితీయబడినాడు. తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి ఇంపీ హేస్టింగ్సుకు బాల్యస్నేహితుడు. ఆ కేసు వెనుక హేస్టింగ్సు చేయి ఉన్నదని ఎన్నడును ఋజువు కాలేదు. కాని ఆ ఉరికంబమును చూచిన పిమ్మట కలకత్తాలో దొరలపై ఫిర్యాదు చేయుటకు ఎవ్వరికి ధైర్యము మిగులుతుంది? ఋజువుకాని నేరముకన్న ఆ భయమే పెద్ద నేరము.

1786 వసంతమున బర్కు ఇరువదిరెండు అభియోగములను సభకు సమర్పించినాడు. ప్రభుత్వము సహకరింపలేదు, కోరిన కాగితములలో కొన్నిటిని నిరాకరించినది. జూన్ 1వ తేదీన రోహిలా అభియోగము 67కు 119 ఓట్లతో వీగిపోయినది. అందరును ఇక పని ముగిసినదనుకొన్నారు. కాని జూన్ 13వ తేదీన కాశీ అభియోగము వచ్చినప్పుడు, పిట్టు అనుకొనని విధముగా జరిమానా మితిమీరినదని చెప్పి అభియోగమునకు అనుకూలముగా ఓటువేసినాడు. ఆయనవెంట ఆయన పక్షము నడిచినది. 119 ఓట్లతో అది నెగ్గినది. పిట్టు మనసు ఎందుకు మారినదో చరిత్రకారులు నేటికిని వాదించుకొంటున్నారు. అంతరాత్మయే కావచ్చును, హేస్టింగ్సు తమకు పోటీ కాగలడను భయము కావచ్చును. మనము గమనింపవలసినది ఒకటే. పన్నెండు దినముల తేడాలో అదే సభ, ఒక్క మంత్రి తలయూపునుబట్టి ఇటునుండి అటు ఒరిగినది. విచారణ ఆగుటకును సాగుటకును సాక్ష్యము కాక మంత్రి చిత్తము కారణమైనచోట, సాగిన విచారణకు కూడ గౌరవము తగ్గుతుంది.

1787 మే నెలలో కామన్సు సభ పేరిట బర్కు ప్రభువుల సభ ముందు హేస్టింగ్సుపై మహాభియోగము మోపినాడు. 1788 ఫిబ్రవరి 13వ తేదీన వెస్ట్‌మినిస్టరు మందిరమున విచారణ ప్రారంభమైనది. రాణిగారు, రాయబారులు, కవులు, చిత్రకారులు, నటీమణులు ఆ వైభవము చూడవచ్చినారు. ప్రవేశపు చీట్లకు గిరాకి ఏర్పడినది. బర్కు నాలుగు దినములు ప్రారంభోపన్యాసము చేసినాడు. ఒక దేశమున పాపమైనది మరియొక దేశమున పుణ్యము కాజాలదనియు, రేఖాంశము మారినంతమాత్రమున ధర్మము మారదనియు, తూర్పుదేశములలో నిరంకుశత్వమే చట్టమను మాట అబద్ధమనియు ఆయన వాదములోని సారము. హిందువులకు, మహమ్మదీయులకు తమ తమ ధర్మశాస్త్రములు కలవనియు, అవి రాజును కూడ బంధిస్తవనియు ఆయన ఆ మందిరమున చాటినాడు.

ఉత్సవము ముగిసిన తరువాత అసలు యుద్ధము మొదలైనది. అది మాటలతో కాక కాలముతో జరిగిన యుద్ధము. ప్రభువుల సభ ఏటికి కొన్ని దినములు మాత్రమే కూర్చునేది. సాక్ష్యపు నియమములు ఒక్కొక్కటిగా అభియోక్తలకు అడ్డుతగిలినవి. సముద్రములు దాటి సాక్షులను రప్పించుట అసాధ్యము. 1788లోనే ఇంపీపై అభియోగము మోపవలెనన్న ప్రయత్నము వీగిపోయినది. మరుసటి సంవత్సరము, నందకుమారుని మరణమును ఇంపీ చేతులమీదుగా హేస్టింగ్సు చేసిన హత్యగా విచారణలో వర్ణించినందుకు, ఎవరి పక్షమున వాదిస్తున్నాడో ఆ కామన్సు సభయే బర్కును మందలించినది. 1790లో ఎన్నికలు రాగా, పాత సభతోబాటు అభియోగము కూడ రద్దయినదని కొందరు న్యాయవాదులు వాదించినారు. రద్దు కాలేదని నిర్ణయింపజేయుటకు బర్కు మరల పోరాడవలసి వచ్చినది. ఫ్రెంచి విప్లవమును గూర్చి భేదించి 1791లో మిత్రుడు ఫాక్సుతో తెగతెంపులు చేసికొన్నాడు. పత్రికలు పరిహసించినవి. ప్రేక్షకులు పలుచబడినారు. ఆయన మాత్రము వదలలేదు.

న్యాయబుద్ధితో చూచినయెడల బర్కు దోషములను కూడ చెప్పవలెను. ఆయన వాక్కు తరచు మితిమీరినది; అభియోక్తకు ఉండవలసిన నిగ్రహము కోపావేశమున సడలినది. హేస్టింగ్సుకు బద్ధవిరోధియై ఆయనతో ద్వంద్వయుద్ధము చేసిన ఫిలిప్ ఫ్రాన్సిసు ఇచ్చిన సమాచారముపై ఎక్కువగా ఆధారపడినాడు. ఆయన ఆప్తబంధువు విలియం బర్కు తంజావూరు రాజుకు ప్రతినిధిగా పనిచేసినవాడు. ఆర్కాటు నవాబును ఆక్షేపించుటలో ఆ సంబంధపు నీడ లేదని చెప్పలేము. ఇక హేస్టింగ్సు కేవల రాక్షసుడును కాడు. పారసీకము, వంగభాష నేర్చినవాడు. ఆసియాటిక్ సొసైటీకి చేయూత ఇచ్చినవాడు. భగవద్గీత ఇంగ్లీషు అనువాదమును ప్రోత్సహించి 1785లో వెలుగులోనికి తెచ్చినవాడు. ఆయన తరువాత వచ్చినవారిలో పలువురు అంతకన్న పెద్ద దురాక్రమణలు చేసికూడ ఏ విచారణయు ఎదుర్కొనలేదు. దోషి ఎవరైనను, దోషము ఒక్కనిది కాదు, వ్యవస్థది. ఈ సంగతి బర్కుకు తెలియును. కాని వ్యవస్థను బోనులో నిలువబెట్టలేక ఒక మనుష్యుని నిలువబెట్టినాడు.

1794 మే 28 మొదలు జూన్ 16 వరకు తొమ్మిది దినములు ఆయన ముగింపు ఉపన్యాసము సాగినది. ఆ వెంటనే పార్లమెంటు సభ్యత్వమును వదలుకొన్నాడు. ఆ జూలై 10వ తేదీన, అనగా ఆ ఉపన్యాసము ముగిసి నెలయైన నిండకమునుపే, మన విశాఖ సీమలోని పద్మనాభము వద్ద విజయనగరము రాజు చిన విజయరామరాజు కంపెనీ సేనలతో పోరి నేలకొరిగినాడు. పేష్కషు బకాయిల తగవు ఆ యుద్ధమునకు మూలము. వెస్ట్‌మినిస్టరులో వాక్కుతో జరిగిన వాదమునకు, పద్మనాభమున రక్తముతో జరిగిన వాదమునకు మూలప్రశ్న ఒక్కటే: అధికారమును లెక్క అడుగువారు ఎవరు?

ఆగస్టు 2వ తేదీన బర్కు ఏకైకపుత్రుడు రిచర్డు క్షయవ్యాధితో మరణించినాడు. తండ్రి తేరుకొనలేదు. 1795 ఏప్రిలు 23వ తేదీన తీర్పు వచ్చినది. ఏడు సంవత్సరములలో నూటనలుబదియెనిమిది దినములు సాగిన విచారణలో తీర్పు చెప్పుటకు మిగిలిన ప్రభువులు ఇరువదితొమ్మిదిమంది. దోషి అన్నవారు ఏ అంశముమీదను ఆరుగురికి మించలేదు. హేస్టింగ్సు నిర్దోషి. ఆయనకు డెబ్బదివేల పౌనులకు పైగా ఖర్చు అయినది. కంపెనీ సాలుకు నాలుగువేల పౌనుల భరణము ఏర్పరచి ఆయనను ఆదుకొన్నది. బర్కు 1797 జూలై 9వ తేదీన తన గ్రామము బీకన్స్‌ఫీల్డులో కన్నుమూసినాడు. తన పనులన్నింటిలో ఈ అభియోగమే తనకు పేరు తేదగినదని, తక్కినవి మరచిపోయినను దీనిని మరువవద్దని కడపటి రోజులలో మిత్రునకు వ్రాసి పోయినాడు.

ఇంతకును ఆయన సాధించినది ఏమి? తీర్పు ఓడినమాట నిజము. కాని గవర్నరు జనరలంతటివాడు ఏడేండ్లు ధర్మాసనము ముందు నిలువవలసి వచ్చినదన్న జ్ఞాపకము ఆ తరువాత వచ్చినవారి చెవిలో మ్రోగుతూనే ఉన్నది. నజరానాలు, సొంత వర్తకము కంపెనీ ఉద్యోగికి నిషిద్ధములై, తగిన జీతము ఏర్పడుటకు ఆ దినములలో పుట్టిన జనాభిప్రాయము తోడ్పడినది. విధివైచిత్ర్యము మరియొకటి. ఋణదాతలకు అడ్డుగా నిలిచిన డండాసు, మెల్విల్ ప్రభువై, నౌకాదళపు నిధుల వ్యవహారమున 1806లో తానే అదే విధమైన మహాభియోగమును ఎదుర్కొనవలసి వచ్చినది. ఆయనయును నిర్దోషిగానే బయటపడినాడు. బ్రిటనులో అట్టి మహాభియోగము మరల జరుగలేదు. కోటీశ్వరుడైన బెన్‌ఫీల్డు 1810లో పారిసునగరమున నిరుపేదయై మరణించినాడు.

ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చెప్పునప్పుడు గెలుపోటములతో ముగింపకుండుట మంచిది. 1785 నాటి ఆ రాత్రిని విద్యార్థుల కన్నులకు కట్టవలెను. చట్టమే విచారణ చేయుమన్నది; డైరెక్టరులు చేయుటకు సిద్ధపడినారు; పైవారు వలదన్నారు; సభ నిద్రకు తొందరపడినది. విచారణను చంపుటకు కత్తి అక్కరలేదు, ఆ నిద్ర చాలును. ఆ నిద్రవేళ ఒక్కడు మేలుకొని, వేలమైళ్ళ దూరమున తెగిన చెరువుగట్టును గూర్చి, తన పేరైన ఎరుగని రైతును గూర్చి, వినువారు లేకున్నను లెక్కలు చెప్పినాడు. ఆ లెక్కలు నిజమని ఇరువదియేండ్ల తరువాత మరియొక సంఘము ఒప్పుకొనవలసి వచ్చినది. నిజము ఆలస్యముగా గెలుచుట గొప్పకాదు. ఆ ఆలస్యమునకు వెల చెల్లించినవాడు ఎవరో మన పిల్లలు అడుగ నేర్చిననాడే బర్కు శ్రమ ఫలించినట్లు.